కోటుకి ఐదో దారి

ఒక చొక్కాకి ఎన్ని దారులుంటాయర్రా?

అలా దిక్కులు చూడకండి, ఇది పరీక్ష కాదు. పెద్దోడు వేళ్ళు మడిచి నాలుగంటున్నాడు. మెడకొకటి, చేతులకు రెండు, నడుం దగ్గర ఒకటి. గుండీల బెజ్జాలు కూడా లెక్కేనంటోంది మన చిట్టి. బెజ్జంలోంచి నువ్వు దూరగలవుటే? దూరలేవు కదా. మరైతే అది దారి కాదు. పెద్దోడు చెప్పిందే రైటు.

కానీ మన ఇంట్లో చొక్కాలకి ఐదుంటాయి. ఎడమ చంక కింద రెండు వేళ్ళ మేర నేను కుట్టకుండా వదిలేసే సందు ఒకటి ఉంటుంది కదా, అది ఐదోది. "మీ అమ్మమ్మకి కళ్ళు కనపడవా?" అని బళ్ళో ఏడిపిస్తున్నారని చిట్టి నిన్న అన్నం మానేసింది. పెద్దోడైతే మొహం మీదే అడిగేశాడు. "ముప్పై రెండేళ్ళు ఊళ్ళో పిల్లల తప్పులన్నీ దిద్దావు, నీ తప్పు నువ్వు దిద్దుకోలేవా అమ్మమ్మా?" అని. మాట సూదిలా గుచ్చుకుంది నాయనా. అందుకే చెబుతున్నాను.

ఈ బట్టల బుట్ట ఇలా పక్కన పెట్టుకోనివ్వండి. తీగ మీంచి తెచ్చినవి పదకొండు. ఏడు చూశాను, ఇంకా నాలుగున్నాయి. చీకటి పడేలోగా చూస్తే చాలు.

ఇది మీరు పుట్టకముందు మాట. నేను బడి నుంచి రిటైరై మూడు నెలలైంది. మీ పిన్నికి కుట్టుపని కొత్తగా చేతికొచ్చింది. ఏడాది తిరిగితే దొరికిన మొదటి ఉద్యోగం అది. ఏం ఉద్యోగమో అడగండి. ఐదు రోజులు మాత్రమే ఉండే బట్టల కొట్టు. ఆరో రోజు ఉండదు. పాప్-అప్ షాపు అంటారుట. కొత్త కొత్త వింత బట్టలు కుట్టేవాళ్ళు ఎక్కడో ఖాళీగా ఉన్న గది అద్దెకు తీసుకుని, నాలుగు రోజులు జనాన్ని ఆశ్చర్యపరిచి, చెప్పాపెట్టకుండా ఎత్తేస్తారుట. "మరి కొన్న చొక్కా బిగుతైతే ఎవరికి తిరిగివ్వాలే?" అన్నాను. "అమ్మా, ఆ చొక్కా బిగుతో వదులో ఎవరికీ తెలీదు. దానికి మూడు చేతులుంటాయి," అంది మీ పిన్ని.

నిజమే. మూడో రోజు నేను క్యారియర్ తీసుకెళ్ళినప్పుడు చూశాను. తల దూరడానికి చోటు లేని గౌను, వెనక్కి తిరిగిన చొక్కా, ఒకే కాలున్న పంట్లాము. గుమ్మం మీద తెల్లటి బోర్డు, దాని మీద ఒక్క అక్షరమైనా లేదు. రాయడం మర్చిపోయారేమో అనుకుని అడిగితే, అదే వాళ్ళ పేరుట. నవ్వొచ్చింది. బడిలో ఖాళీ కాగితం ఇచ్చినవాడికి నేను సున్నా వేసేదాన్ని. వీళ్ళకు జనం వరస కడుతున్నారు.

ఆ గది పూర్వం ఎక్స్‌రేలు తీసే కేంద్రం. ముందువైపు పొడుగాటి హాలు, వెనక ఎక్స్‌రే గది. ఆ గదినే వీళ్ళు ట్రయల్ రూమ్ చేశారు. కిటికీ లేదు. తలుపులో సీసపు రేకు ఉంటుంది కనుక ఒక మనిషి బరువు వేసి తోస్తేగాని కదలదు. వదిలేస్తే స్ప్రింగు లాగి అదే మూసుకుంటుంది. మూసుకుంటే అవతల పిడుగు పడ్డా ఇవతలికి వినపడదు. లోపల దీపం కూడా పీకేశారు, మిట్టమధ్యాహ్నం కూడా కాటుక చీకటి. తలుపు పైన ఎర్ర బల్బు ఒకటుండేది. పూర్వం లోపల మనిషి ఉన్నప్పుడు వెలిగేదిట. "ఇప్పుడు వెలగదమ్మా, వైర్లు ఎప్పుడో కోసేశారు. అందానికి ఉంచారంతే," అని మీ పిన్ని చెప్పింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ చీకటి గదిలో ఒకే ఒక్క కోటు వేలాడేది. బూడిద రంగు, మోకాళ్ళ దాకా వస్తుంది. అమ్మకానికి కాదు, వేసుకుని చూడటానికి. ఒకసారికి ఒక్క మనిషి లోపలికి వెళ్ళాలి. కోటు తొడుక్కుని మూడు నిమిషాలు చీకట్లో నిలబడాలి. విప్పేసి రావాలి. కౌంటర్ మీద ఇసుక గడియారం పెట్టుకుని మీ పిన్ని కాపలా. "మోయలేనిది ఇక్కడ వదిలి వెళ్ళండి" అని వాళ్ళ డిజైనరమ్మ గోడ మీద రాయించింది. నాకది గొప్పలు పోవడంలా అనిపించింది. కానీ పిల్లలూ, లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికొచ్చేటప్పుడు వాళ్ళ మొహాలు చూశాను. జ్వరం దిగిన పిల్లల్లా ఉన్నారు. ఒకాయన గుమ్మంలోనే కూచుని హాయిగా ఏడ్చి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ కోటుకి ఐదు దారులున్నాయి.

ఎడమ చంక కింద చీలిక. రెండు వేళ్ళ మేర. అంచులు మడవలేదు, పోగులు వేలాడుతున్నాయి. చూసేవాళ్ళకు కుట్టు వదిలిపోయినట్టే ఉంటుంది. గోడ మీద మూడు నియమాలు రాసి పెట్టారు. ఒకసారి ఒక్కరే. మూడు నిమిషాలే. చీలికను ముట్టుకోరాదు.

చదివానా? చదివాను. అర్థమైందా? అయింది. కానీ టీచర్లకు ఒక జబ్బుంటుంది. నియమాలు పిల్లలకు, మనకు కాదనుకుంటాం.

ఐదో రోజు, అంటే ఆఖరి రోజు మధ్యాహ్నం, నేను వెళ్ళేసరికి ఒకావిడ ఆ కోటును లోపల తగిలించకుండా పట్టుకొచ్చి మీ పిన్ని చేతికిస్తోంది. పక్కనున్న స్నేహితురాలితో అంది కదా, "చంక కింద చూశావూ? కుట్టు రానివాళ్ళు కుట్టినట్టు లేదూ?" అని. ఇద్దరూ నవ్వుకున్నారు. మీ పిన్ని వినీ విననట్టు కోటు దులుపుతోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పని సవ్యంగా పూర్తయితే ఉద్యోగం ఖాయం చేస్తానని డిజైనరమ్మ మాటిచ్చింది. సాయంత్రం ఆరింటికి వచ్చి సామాను బండికెత్తించుకుంటానంది. ఆవిడ కూడా ఈ మాట వింటే?

"నువ్వెళ్ళి అన్నం తినవే అమ్మడూ, నేను చూస్తుంటాను," అన్నాను. తను వెనక మెట్ల మీదికి వెళ్ళింది. నేను కోటు ఒళ్ళో వేసుకున్నాను. కౌంటర్ కింద కుట్టుపెట్టెలో సూది, బూడిద రంగు దారపు రీలు ఉన్నాయి. బట్ట బిగువుగా ఉండాలని ఎడమచెయ్యి కోటు చేతిలోకి దూర్చాను. మీకు తెలుసుగా నా కుట్టు. ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. చివర మూడుసార్లు చుట్టిన ముడి, దాని పక్కన ఎడమవైపుకి ఒక కొసరు కుట్టు. పదంటే పది నిమిషాలు. కుట్టానని కూడా తెలీకుండా కుట్టాను. తప్పు దిద్దిన తృప్తితో హ్యాంగరుకి తగిలించి వచ్చాను.

మీ పిన్నికి చెప్పలేదు. చేసిన సాయం చెప్పుకోకూడదనుకున్నాను. చూడండి బుద్ధి!

స్నానాలగదిలో నీళ్ళు పోయే తూముకి గుడ్డ కుక్కితే ఏమవుతుంది?

ఆఁ, నిండుతుంది.

మధ్యాహ్నం తర్వాత ఐదుగురు వచ్చారు. మొదటివాడు వానలో తడిసొచ్చాడు, తడి ఉన్ని వాసన. రెండో ఆయన దగ్గర పొగాకు కంపు. తర్వాత పసిపిల్ల తల్లి, ఆవిడ వచ్చినంతసేపూ పిల్లల పౌడరు వాసన. నాలుగో మనిషి మెకానిక్కు, చేతులకు నూనె. ఐదో ఆవిడ ఆసుపత్రిలో నర్సు, డెట్టాలు. ఈ వాసనలు ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మొదటివాడు ఎలా వెళ్ళాడో అలాగే వచ్చాడు. మొహంలో ఏ మార్పూ లేదు. చంక గోక్కుంటూ పోయాడు. పొగాకాయన "బిగుతుగా ఉందమ్మా" అన్నాడు. తల్లి మూడు నిమిషాలు కాకముందే బయటికొచ్చేసింది. "లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అనడిగింది. "లేరండీ, ఒక్కరినే పంపిస్తాం," అంది మీ పిన్ని. మెకానిక్కు గుమ్మం దాటేదాకా వెనక్కి నడుస్తూనే వెళ్ళాడు... తలుపు వైపే చూస్తూ. నర్సు మాత్రం పోతూపోతూ అంది. "ఆ కోటు వెచ్చగా ఉందేమిటి? ఇప్పుడే ఎవరో విప్పినట్టు?"

ఐదున్నరైంది. ఇక ఎవరూ రాలేదు. వాన కురుస్తోంది. హాల్లో బట్టలన్నీ పెట్టెలకెక్కించాం. ఆఖరికి ఆ కోటొక్కటే మిగిలింది.

"ఐదు రోజులుగా ఊరందరికీ తొడిగాను, నేనొక్కసారీ వేసుకోలేదమ్మా," అంది మీ పిన్ని నవ్వుతూ. ఇసుక గడియారం తిరగేసి నా చేతిలో పెట్టింది. "మూడు నిమిషాలు. నిద్రపోకు టీచరమ్మా."

నాలుక చివరిదాకా వచ్చింది వద్దనే మాట. ఎందుకొద్దో నాకే తెలీదు. తలుపు మూసుకుంది.

ఇసుక జారుతోంది. సన్నగా... చప్పుడు లేకుండా. నేను తలెత్తాను.

ఎర్ర బల్బు వెలుగుతోంది.

వైర్లు కోసేసిన బల్బు. పక్కనే కోసిన కొసలు గోడలోంచి మీసాల్లా వేలాడుతున్నాయి. అయినా వెలుగుతోంది. నా చేతుల మీద, గడియారం మీద, ఖాళీ గోడల మీద ఎర్రటి వెలుగు.

"అమ్మడూ!" అన్నాను. సీసపు తలుపు కదా, వినపడదు. గడియారం కౌంటర్ మీద పెట్టేసి రెండు చేతులా తోశాను. కదల్లేదు. భుజం ఆనించి తోశాను. బెత్తెడు తెరుచుకుంది. లోపల చీకటి. వెచ్చటి గాలి. జనం నిండిన బస్సులోంచి వచ్చే గాలి ఎలా ఉంటుంది? అలాగ.

"అమ్మడూ, ఉన్నావా?"

"ఉన్నాను..."

అది మీ పిన్ని గొంతు కాదు. దాని వెనకాలే ఇంకోటి, "ఉన్నాను..." ఇంకోటి. బడిలో హాజరు పిలిచినట్టు, గది నలుమూలల నుంచీ కాదు, ఒకే చోటు నుంచి. ఒకే ఎత్తు నుంచి. నా కూతురి మెడ ఎంత ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తు నుంచి.

అన్నిటికన్నా ఆఖరున, ఎంతో సన్నగా, "అమ్మా..."

లోపలికి దూరాను. తలుపు నా వెనక మూసుకుంది.

"విప్పెయ్యవే. కోటు విప్పెయ్."

"రావడం లేదమ్మా." గుసగుసగా అంది, ఎవరో వింటారన్నట్టు. "ఈ చేతిలో... ఇంకో చెయ్యుంది."

"నీ చెయ్యే అయ్యుంటుందే. భయపడకు."

"నా రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నానమ్మా."

నేను చెయ్యి చాచాను. కోటు అందింది. చేతులు తడిమాను. కోటుకున్న రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి... నిండుగా. లోపల ఎముకలు తగిలాయి. వేళ్ళు కదిలాయి. మీ పిన్ని చేతులు మాత్రం మెడ దగ్గర సందులోంచి పైకి వచ్చి దాని చెంపల మీదే ఉన్నాయి, చల్లగా. కోటు బిగుసుకుంటోంది. దాని ఊపిరి సగంలోనే తెగిపోతోంది.

అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో.

చంక కింద కుట్టు వెతికాను. దొరికింది. నా కుట్టు కదా, కళ్ళు లేకపోయినా గుర్తుపడతాను. కత్తెర లేదు. పిన్ను లేదు. గోళ్ళతో లాగాను. రాలేదు. ముప్పై ఏళ్ళుగా నా కుట్టు చూసి "ఎంత గట్టిగా ఉందండీ" అంటే పొంగిపోయేదాన్ని. ఆ రోజు నా పనితనాన్ని నేనే తిట్టుకున్నాను. మోకాళ్ళ మీద కూలబడి, ఆ కోటుకి మొహం ఆనించి, ముడిని పళ్ళతో పట్టుకున్నాను. నా నెత్తి మీద ఒక చెయ్యి పడింది. ఎవరిదో. జుట్టు నిమురుతోంది.

కొరికాను.

ముడి తెగింది. ఒక్కో కుట్టూ విప్పుతుంటే చీలికలోంచి చల్లటి గాలి నా చెంప రాసుకుంటూ పోయింది. తడి ఉన్ని వాసన. ఒకటి, అనుకున్నాను. లెక్కపెట్టకుండా ఉండలేను నేను. పొగాకు. రెండు. పౌడరు. మూడు... అది పోతూ చిన్నగా ఏడ్చింది. నూనె. నాలుగు. డెట్టాలు. ఐదు.

కోటు వదులైంది. చేతులు ఖాళీ అయ్యాయి. కోటును తల మీదుగా లాగేసి మీ పిన్నిని బయటికి తీశాను, మంత్రసాని తీసినట్టు. ఇద్దరం కలిసి తలుపు తోసుకుని హాల్లో పడ్డాం. బల్బు ఆరిపోయి ఉంది. ఇసుక గడియారంలో ఇసుక ఇంకా జారుతూనే ఉంది. మూడు నిమిషాలు కూడా కాలేదు పిల్లలూ.

ఆరింటికి డిజైనరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. నేల మీది బూడిద దారం ముక్కలు చూసింది. కోపగించుకోలేదు. అందుకే భయమేసింది నాకు.

"ఎవరు కుట్టారు?"

"నేనే. దాని తప్పేం లేదు. తప్పు నాది," అన్నాను. విద్యార్థిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తర్వాత ఎంతమంది వేసుకున్నారు?"

"ఐదుగురు. ఐదూ పోయాయి. లెక్కపెట్టాను."

ఆవిడ నా చేతుల వైపు చూసింది. "కుట్టేటప్పుడు చెయ్యి లోపల పెట్టారా?"

ఎడమచెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"అయితే ఆరు," అంది. కోటును పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, చీలికలో రెండు వేళ్ళు పెట్టి తడిమింది. "ఇందులో లేదు," అంది. వాన వైపు, వీధి వైపు, మళ్ళీ నా వైపు చూసింది. "కుట్టుపెట్టెలో దారపు రీలుండాలి, ఏది?"

వెతికాం. రీలు లేదు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి గది ఖాళీ. అదేం వింత కాదనుకోండి. అలాంటి కొట్లు మాయమవడానికే పెడతారు. ఎవరికి చెప్పినా "ఐదు రోజులన్నారుగా టీచరుగారూ" అంటారు. మీ పిన్ని వేరే పని చూసుకుంది. బాగానే ఉంది. ఎంత చలిలోనైనా చేతుల్లేని బట్టలే ఎందుకు వేసుకుంటుందని మీరు వెక్కిరిస్తారే, ఇక వెక్కిరించకండి.

నాకు మాత్రం ఒక మార్పు వచ్చింది. ఆ రోజు నుంచి తప్పు కనిపిస్తే దిద్దాలన్న తహతహ పోయింది. ఎర్ర పెన్ను ముట్టుకోబుద్ధి కాలేదు. గోడ మీద పటం ఒంకరగా ఉన్నా, మీ లెక్కల పుస్తకంలో ఏడెనిమిదిలు యాభై నాలుగని ఉన్నా, చూసి ఊరుకుంటాను. బరువు దిగినట్టే ఉంటుంది. అందరూ వయసంటారు. నేను ఔననే అంటాను. అది ఎక్కడికి పోయిందో, ఏం చేస్తోందో నాకేం తెలుసు?

అందుకే సందు వదులుతాను. మీకోసమే. అర్థమైందా? బళ్ళో ఎవరైనా అడిగితే గాలాడటానికని చెప్పండి.

ఏదీ, చిట్టీ, నువ్విలా రా. చెయ్యెత్తు. అన్నయ్యకి చూపిద్దాం, రెండు వేళ్ళంటే ఎంతో.

ఇంకొంచెం ఎత్తు.

...

ఈ చొక్కా నేను పోయిన ఆదివారం కుట్టాను కదూ? మీ అమ్మగాని ముట్టుకుందా? లేదా. బళ్ళో ఎవరైనా? సరే, సరే. ఊరికే అడిగాను.

ఎప్పట్నుంచి బరువుగా ఉందే ఆ చెయ్యి? పొద్దున్నుంచా? మరి చెప్పలేదేం తల్లీ...

కదలకు. పెద్దోడా, దీపం ఇటు తే. సందు లేదు, కుట్టేసి ఉంది. ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. మూడు చుట్ల ముడి. ఎడమవైపుకి కొసరు కుట్టు. నా ముడే. నా కుట్టే. నేను తప్ప ఇలా ఎవరూ వెయ్యరు. మన ఇంట్లో మాత్రం బూడిద రంగు దారం లేదర్రా. ఎప్పుడూ కొననివ్వలేదు నేను.

ఏం లేదు. తల మీదుగా లాగేస్తాను, చేతులు పైకి పెట్టు. ఆఁ, వచ్చేసింది. ఇద్దరూ ఇక్కడే, ఈ దీపం దగ్గరే కూచోండి. ఎక్కాలు పైకి చదవండి, నాకు వినపడేట్టు. ఎవరు పిలిచినా "ఉన్నాను" అనకండి.

ఆ కత్తెర ఇలా ఇవ్వు నాయనా. బుట్టలో ఇంకా నాలుగున్నాయి.